పదడుగుల గాజుతొట్టి

మా తమ్ముడికి ఎడమ చెవి వినపడదు. అది పుట్టుకతో వచ్చిన చెవుడు కాదు, నేను కొట్టిన దెబ్బకు పోయింది. ఎందుకు కొట్టానో చెప్పాలంటే మేమిద్దరం మా ఇంట్లో కట్టిన గాజుతొట్టి గురించి చెప్పాలి. దానికంటే ముందు మా నాయన గురించి కొంచెం చెప్పాలి.

సోమందేపల్లె దగ్గర బెంగుళూరు రోడ్డు పక్కన మా నాయనకు షెడ్డు ఉండేది. మొదట్లో ఎద్దులబండ్ల చక్రాలకు ఇనుప పట్టాలు ఎక్కించేవాడు. రోడ్డు మీద లారీలు ఎక్కువయ్యాక లారీల రిపేరు నేర్చుకున్నాడు. పనిలో చెయ్యి తిరిగిన మనిషి. ఇంటికి వస్తే అదే చెయ్యి మా మీద పడేది. బండ్లకు కట్టే మోకును తొట్టిలో నానబెట్టి కొట్టేవాడు. పొడి తాడుకు వాత తేలుతుంది, తడి తాడుకు తోలు చీలుతుంది. ఆ తేడా నాకు ఎనిమిదో ఏటికే తెలుసు. అమ్మను మాత్రం తాడుతో కొట్టేవాడు కాదు, జుట్టు పట్టుకుని గోడకేసి కొట్టేవాడు. మా నడవ గోడకు ఒకచోట సున్నం ఎప్పుడూ నిలిచేది కాదు.

నేను నిలబడి దెబ్బలు తినేవాణ్ణి. తమ్ముడు నాకంటే ఐదేళ్ళు చిన్న, పారిపోయేవాడు. ఊరి బయట చేలలో ఒక దిగుడుబావి ఉండేది. దాని మెట్లు దిగి, అడుగున ఉన్న కాసిన్ని నీళ్ళ పక్కన కూర్చునేవాడు. నేను వెతుక్కుంటూ పోతే నీళ్ళలో వేలు ముంచుకుని ఉండేవాడు. చిన్న చిన్న పరక చేపలు వచ్చి ఆ వేలును పొడుస్తుండేవి.

"నాయన పండుకున్యాడా?" అని అడిగేవాడు. పడుకున్నాడని చెబితేనే మెట్లెక్కేవాడు.

నాకు ఇరవై ఏళ్ళప్పుడు నాయన జబ్బు చేసి పోయాడు. నేను ఏడవలేదు. ఆయన సుత్తెలు, రెంచీలు తుడిచి వరసగా పెట్టుకుని మరుసటి వారం షెడ్డు తెరిచాను. పనితనంతో పాటు ఆయన కోపం కూడా నాకే వచ్చింది. ఒక డ్రైవరు నా రిపేరును తప్పుపట్టాడని అతని తల తీసుకెళ్ళి రేడియేటరుకు గుద్దాను. టీ అంగడివాడు ఆలస్యం చేశాడని గ్లాసుతో సహా టీ అతని మొహాన విసిరాను. జనం నన్ను చూసి పక్కకు తప్పుకుంటుంటే అది మర్యాద అనుకునేవాణ్ణి.

తమ్ముడు చదువుకున్నాడు. ఎస్సెస్సెల్సీ పాసై, టీచరు ట్రైనింగు పూర్తి చేసి, ఉద్యోగం కోసం ఎదురుచూస్తూ ఇంట్లో ఉన్నాడు. ఒకసారి స్పేరు పార్టుల కోసం అతన్ని బెంగుళూరు పంపాను. తిరిగొచ్చి సామాను కింద పెట్టకుండానే మొదలుపెట్టాడు.

"అన్నా, ఆడ ఒక పెద్ద హోటల్లో గాజుతొట్టి పెట్టినారు. దాంట్లో చేపలు. మనం బావిలో పైనుంచి కదా సూస్తాము. ఇది అట్ల కాదు, పక్కనుంచి. మనం నిలబడుకోని ఉంటే చేప మన మొగానికి ఎదురుగా వచ్చి నిలబడతాది. నోరు తెర్సి మూసేది కూడా కనపడతాండాది."

వాడు అంత పొడుగు మాట మాట్లాడగా నేను అంతకు ముందు వినలేదు.

"ఎంత పొడుగుండాది?" అన్నాను.

"నాలుగడుగులు ఉంటాదేమో."

"మనం పదడుగులు కడదాం."

వాడి సంతోషం కోసం అన్నానని చెప్పుకోవచ్చు గానీ అది సగమే నిజం. ఈ చుట్టుపక్కల ఎవడింట్లోనూ లేనిది నా ఇంట్లో ఉండాలన్నది మిగతా సగం.

తమ్ముడు బడిపిల్లల డ్రాయింగు కాగితాల మీద ప్లాను గీశాడు. పది అడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తు. నీళ్ళ బరువే రెండున్నర టన్నులు దాటుతుందని లెక్క వేసి చెప్పాడు. అంటే దాదాపు సగం లారీ లోడు, మా నడవలో రాత్రింబవళ్ళు దించకుండా నిలబెట్టాలి. అందుకని నేల తవ్వి, గట్టి నేల తగిలేదాకా పోయి, అక్కడినుంచి రాతికట్టడం లేపాము. అడుగుకు, వెనక్కు, రెండు పక్కలకు తాడిపత్రి బండలు. ముందువైపు మాత్రం అద్దం. మిద్దెకు వెలుతురు కోసం వదిలిన గవాక్షి కిందికి సరిగ్గా తొట్టి వచ్చేలా జరిపాడు తమ్ముడు. పైనుంచి ఎండ పడితేనే నీటిమొక్కలు బతుకుతాయని, మొక్కలు బతికితేనే చేపలకు ఊపిరాడుతుందని వాడి వాదన.

ముందువైపు ఇనుప చట్రం నా పని. పెనుకొండ దగ్గర బోల్తాపడి తుక్కుగా మిగిలిన లారీ నుంచి కమ్ములు కోసి తెచ్చాను. మూలల్లో రివిట్లు కొట్టాను. అద్దానికీ ఇనుముకూ మధ్య నీళ్ళు కారకుండా తారు, సుద్దపొడి, అవిసె నూనె కలిపి రోట్లో దంచి ముద్ద చేశాడు తమ్ముడు. ఎన్నిసార్లు కలిపి, ఎండబెట్టి, నీళ్ళలో వేసి చూశాడో లెక్క లేదు.

గొడవ అద్దం దగ్గర వచ్చింది. ఐదడుగుల అద్దాలు రెండు పెట్టి, మధ్యలో ఒక ఇనుప కమ్మి నిలబెడదామన్నాడు వాడు.

"ఒకే అద్దమైతే నీళ్ళు నెట్టేదానికి నడుమ ఉబ్బుతాది అన్నా. తట్టుకోదు."

"ఎదురుగా కమ్మి ఉంటే జైలు ఉన్నట్టుంటాది. ఒకే అద్దం."

"అన్నా, లెక్క సూడు ఒకసారి."

వాడి చేతిలో ఉన్న కాగితం లాక్కుని వాడి రొమ్ము మీద గుద్దాను. గోడ దాకా వెళ్ళి పడ్డాడు. "షెడ్డు నడిపేది నేనా నువ్వా?" అని అడిగాను. లేచి, దుమ్ము దులుపుకుని, కాగితం తీసి మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఇంకొక్క మాట మాత్రం అన్నాడు. "లోపలిపక్క రివిట్టు తలలన్నీ ఆకురాయితో అరగదియ్యి. అద్దం కింద ఇసకరేణువున్నా కష్టమే."

పదడుగుల అద్దం బెంగుళూరు నుంచి జొన్నచొప్పలో పడుకోబెట్టుకుని లారీలో వచ్చింది. దాన్ని దించడానికి ఎనిమిది మంది పట్టారు. వీధి వీధంతా వచ్చి చూసింది.

చూసినవాళ్ళంతా మెచ్చుకోలేదు. అది ఎండాకాలం. వాన పడక రెండో ఏడు. మా వీధి మొత్తానికి ఉన్నది ఒకటే బావి, దాంట్లో బొక్కెన వేస్తే సగం నీళ్ళు, సగం బురద వస్తున్నాయి. తొట్టి నిండాలంటే రెండువందల పైచిలుకు బొక్కెనలు కావాలి. నేను పొద్దున్నే వెళ్ళి గిలక దగ్గర నిలబడి తోడడం మొదలుపెట్టాను. ఎదురింటాయన వచ్చి మోకు పట్టుకున్నాడు. ఆయన నేతపని చేసేవాడు, ధర్మవరం షావుకార్లకు చీరలు నేసేవాడు, నెమ్మదస్తుడు.

"ఏమప్పా, మనుషులకు గొంతు తడుపుకోనీకె నీళ్ళు ల్యా. నువ్వు చేపలకు పోస్తావా?"

"మోకు విడు."

"విడవను. నా పిల్లోల్లు పొద్దన్నుంచి..."

ఆయన మాట పూర్తి కాలేదు. చేతిలో ఉన్న ఇనుప బొక్కెనతో ఆయన మొహాన కొట్టాను. రెండు పళ్ళు బావిగట్టు మీద పడ్డాయి. ఆయన భార్య కేకలు వేస్తుంటే, బావి చుట్టూ ఉన్న ఆడవాళ్ళు బిందెలు వదిలేసి వెనక్కి పోతుంటే, నేను అదే బొక్కెన కడుక్కుని మళ్ళీ బావిలోకి వదిలాను. ఇది రాయడానికి నాకు ఇప్పటికీ చెయ్యి రావడం లేదు. కానీ జరిగింది అదే.

మూడో రోజు మధ్యాహ్నానికి తొట్టిలో నీళ్ళు రెండున్నర అడుగులకు వచ్చాయి. అద్దం చెమ్మగిల్లి చల్లగా ఉంది. దాని మీద చెయ్యి పెట్టి గర్వంగా నిలబడ్డాను. తమ్ముడు ఒక పక్క వంగి, కంటిని అద్దానికి సమంగా పెట్టి చూస్తున్నాడు.

"ఉబ్బుతాండాది అన్నా. ఇంక పొయ్యద్దు."

"గమ్మునుండు."

అమ్మ బిందె ఎత్తి పోసింది. బండి ఇరుసు విరిగినట్టు ఒక చప్పుడైంది. ఆ తరువాత నడవలో ఏటి వరద వచ్చినట్టే. నన్ను కాళ్ళ కింద నుంచి ఎత్తి గడప దాకా తోసేసింది. లేచి చూస్తే మంచం, బియ్యం డబ్బా, చాప అన్నీ నీళ్ళలో కొట్టుకుపోయి వాకిట్లో ఉన్నాయి. అమ్మ గోడకు ఆనుకుని నీళ్ళలో కూర్చుని ఉంది. ఆమె పిక్కలో అరచేతి వెడల్పు అద్దంముక్క దిగబడింది. చుట్టూ నీళ్ళు ఎర్రగా అవుతున్నాయి.

తమ్ముడు నాకంటే ముందు ఆమె దగ్గరికి చేరాడు. వంగి కాలు పట్టుకుంటున్నాడు.

"నీ తారు పాడుగాను. నీ లెక్క పాడుగాను." నేను అరుస్తూ పోయాను.

"ముందు అమ్మను సూడు అన్నా" అని వాడు మొహం ఇటు తిప్పాడు. తిప్పిన మొహాన నా బలమంతా పెట్టి కొట్టాను. చెవి, చెంప కలిపి అరచెయ్యి పడింది. వాడు అద్దంముక్కల్లో పడిపోయాడు. లేవబోయి, నిలబడలేక, తాగినవాడిలా పక్కకు ఒరిగాడు. చెవిలోంచి సన్నగా నెత్తురు మెడ మీదికి కారింది.

అమ్మ అరవలేదు. కాలు పట్టుకుని నా వంక చూస్తూ మెల్లగా అంది. "మీ నాయన సచ్చిపాయ అనుకుంటి. యాడ సచ్చినాడు. ఈడనే ఉండాడు."

ఇద్దరినీ షెడ్డులో నేను బాగుచేసి పెట్టుకున్న పాత లారీలో వేసుకుని హిందూపురం ఆసుపత్రికి తీసుకెళ్ళాను. అమ్మకు కుట్లు వేశారు. డాక్టరు తమ్ముడి చెవిలో లైటు వేసి చూసి, లోపలి పొర పూర్తిగా చినిగిపోయిందని చెప్పాడు. ఎట్లా జరిగిందని అడిగాడు.

"అద్దం పగిలితే జారి పడినాను సార్" అన్నాడు తమ్ముడు.

వాడి చెంప మీద నా నాలుగు వేళ్ళు వాచి కనిపిస్తున్నాయి. డాక్టరు ఆ వేళ్ళ వంక చూసి, నా చేతి వంక చూసి, చీటీ రాసి ఇచ్చాడు.

ఆ తరువాత తమ్ముడు నాతో మాట్లాడడం మానేశాడు. ఒకే ఇంట్లో ఉంటూ, ఒకే పొయ్యి మీద వండిన కూడు తింటూ, నాతో ఏమైనా చెప్పాలంటే అమ్మతో చెప్పేవాడు. నేను షెడ్డులో ఇంకా ఎక్కువ అరిచేవాణ్ణి. ఒకరోజు ఎవరో లారీవాడి మీద రెంచీ ఎత్తి, దించి, షెడ్డు మూసి ఇంటికి వచ్చేశాను. తోచక, తొట్టి దగ్గర మిగిలిన అద్దంముక్కలు, ఎండిన తారు గోకడం మొదలుపెట్టాను. కింది కమ్మిలో, సరిగ్గా మధ్యన, వేలికి ఏదో తగిలింది. తారు గీరి చూశాను. రివిట్టు తల. అరగదియ్యకుండా వదిలేసిన తల, శనగ్గింజంత. అద్దం పగులు అక్కడినుంచే పైకి లేచింది. మిగతావన్నీ అరగదీశాను. ఆ ఒక్కటీ తారు కింద ఎవరికి కనపడుతుందిలే అని వదిలేసింది నేనే.

తమ్ముడు వాకిట్లో ఏదో చదువుకుంటున్నాడు. వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను.

"రివిట్టు నేనే వదిలేసినా" అన్నాను.

"తెలుసు."

"ఎప్పుడు తెలుసు?"

"ఆసుపత్రినుంచి వచ్చిన మర్నాడే సూసినా."

"మరి సెప్పలేదే?"

వాడు పుస్తకం మూసి నా మొహంలోకి చూశాడు. "ఇంగొక చెవి ఉండాది కదా అన్నా. దాన్నన్నా కాపాడుకుందామని."

వాడు కోపంగా అనలేదు. లెక్క చెప్పినట్టు చెప్పాడు. నేను షెడ్డుకు పోయి తలుపు వేసుకుని, నాయన పోయిన రోజు రాని ఏడుపంతా ఏడ్చాను.

తొట్టిని మళ్ళీ కట్టాను, ఈసారి వాడి కాగితం ఎదురుగా పెట్టుకుని. రెండు అద్దాలు, మధ్యలో కమ్మి, పైన ముందునుంచి వెనక్కి అడ్డపట్టీలు. ప్రతి రివిట్టునూ అరగదీసి, కళ్ళు మూసుకుని వేలితో తడిమి చూసుకున్నాను. వాడు దగ్గరికి రాలేదు. కానీ నేను తారుముద్ద తప్పుగా కలిపిన రోజు అమ్మ వచ్చి, "నూనె రొంత ఎక్కువైందంట" అని చెప్పి పోయింది.

నీళ్ళ కోసం ఎదురింటాయన దగ్గరికి పోయాను. ఆయన మగ్గం గుంటలో కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి భార్యను లోపలికి పొమ్మన్నాడు.

"నీళ్ళు పోసుకోవాల. నిన్ను అడిగి పోసుకుందామని వచ్చినా" అన్నాను.

ఆయన నోరు తెరిచి, పళ్ళు లేని సందు చూపించాడు. "ముందు దీన్ని అడుగు."

ఆయన చాలాసేపు మగ్గం ఆడించి, చివరికి ఆపాడు. "వానలు పడినాంక, బావిలో అడుగునుంచి ఐదు మెట్లు మునిగినాంక పోసుకో. అంతకు ముందు ఒక్క చెంబు తోడినా నీ అద్దం నేనే పగలగొడతా."

ఆ ఏడు వానలు ఆలస్యంగా, కానీ బాగా పడ్డాయి. ఐదో మెట్టు మునిగాక ఇరవై రోజుల పాటు రోజుకు పది, పన్నెండు బొక్కెనలు పోశాను. అద్దం నిలిచింది. తమ్ముడే వెళ్ళి దిగుడుబావినుంచి పరకలు, నాచుమొక్కలు తెచ్చి వేశాడు. సాయంత్రం బడి వదిలాక పిల్లలు, నీళ్ళు మోసుకుపోయే ఆడవాళ్ళు బిందె చంకన పెట్టుకునే వచ్చి అద్దం ముందు నిలబడేవాళ్ళు.

మరుసటి ఎండాకాలం తమ్ముడు మొదటిసారి తనంతట తానుగా నా దగ్గరికి వచ్చాడు. "కొత్తచెరువు ఊరి అవతల చెరువు ఎండిపోతాండాది. పెద్ద చేపలు సచ్చిపోతాయి. బతికినేవి కొన్ని తెద్దాం, వస్తావా?"

లారీలో నాలుగు డ్రమ్ములు వేసుకుని పోయాము. ఎండిపోయే చెరువును నేను అంతకు ముందు చూడలేదు. రెండు మూడు ఊళ్ళ జనం బురదలో దిగి ఉన్నారు. చేతుల్లో కట్టెలు, బుట్టలు, పాత చీరలు. మోకాటి లోతు బురదలో చేపలు ఎగిరెగిరి పడుతుంటే కట్టెలతో తలల మీద కొడుతున్నారు. చిన్నపిల్లలు రాళ్ళతో కొడుతున్నారు. ఒక చేప కోసం ఇద్దరు అన్నదమ్ములు ఒకరి గొంతు ఒకరు పట్టుకుని బురదలో దొర్లుతున్నారు. ఎటు చూసినా పొలుసులు, నెత్తురు, నల్లటి బురద, పైన గద్దలు. ఏడాదిగా సరైన కూడు లేని జనం, వాళ్ళను తప్పు పట్టలేను.

తమ్ముడు బురదలో దిగి, కట్టెలు పడకముందే చేపలను రెండు చేతులతో ఎత్తి బకెట్లో వేసుకుంటున్నాడు. నేను లారీ దగ్గర డ్రమ్ములు చూస్తున్నాను. ఒక మనిషి వాడి వెనకగా రావడం కనిపించింది. బక్కమనిషి, చేతిలో రోకలంత కట్టె.

"మా చెరువు చేప బతికిచ్చుకోని పోయి యాపారం సేస్తారా?" అని అరుస్తున్నాడు. ఆ మనిషి అరిచేది తమ్ముడికి ఎడమ పక్కనుంచి.

"ఎడమపక్క సూడు!" అని నేను గొంతు చించుకున్నాను. అంత గోలలో నా మాట వాడికి చేరలేదు. ఆ మనిషి అరుపూ చేరలేదు. వాడు చేపను చూసి నవ్వుతూ వంగే ఉన్నాడు. కట్టె భుజం మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు నాకు లారీ దగ్గరికి వినపడిందంటే ఎవరూ నమ్మరు.

ఆ చెవి వినబడి ఉంటే వాడు తప్పుకునేవాడు. నేను పరిగెత్తుతున్నంతసేపూ నా తలలో అదొక్కటే ఉంది. ఆ మనిషి చేతిలోని కట్టె లాక్కున్నాను. ఎన్ని దెబ్బలు కొట్టానో తెలియదు. అతని కుడి ముంజెయ్యి రెండు ముక్కలై వేలాడింది. అప్పటికి వాళ్ళ ఊరివాళ్ళు నా మీద పడ్డారు. బురదలో తొక్కారు. నుదురు చీలింది, రెండు పక్కటెముకలు విరిగాయి. తమ్ముడు ఒక చేత్తో భుజం పట్టుకుని, ఇంకో చేత్తో నన్ను లాగుతూ, "సాలన్నా, సాలు" అని ఏడుస్తూనే ఉన్నాడు.

పోలీసులు వచ్చి నన్ను తీసుకుపోయారు. స్టేషన్లో హెడ్డు కానిస్టేబులు అడిగాడు. "దేనికోసం కొట్టుకుంటిరప్పా?"

"చేపల కోసం."

"తిననీకెనా?"

"కాదు సార్. సాకనీకె."

అతను పడీపడీ నవ్వాడు. నవ్వడం అయ్యాక నన్ను బోర్లా పడుకోబెట్టి అరికాళ్ళ మీద లాఠీతో కొట్టించాడు. నాలుగు రోజులకు గానీ నేను లేచి నడిచి ఇంటికి రాలేకపోయాను.

వచ్చేసరికి తమ్ముడు చెయ్యి మెడకు కట్టుకుని తొట్టి ముందు కూర్చుని ఉన్నాడు. విరిగిన భుజంతోనే, ఎవరో డ్రైవరును బతిమాలి లారీ తోలించుకుని, ఆ చేపలను డ్రమ్ముల్లో బతికించి తెచ్చి తొట్టిలో వదిలాడట. కానీ నీళ్ళు మురికిగా ఉన్నాయి. తోకలు, తలలు తేలుతున్నాయి. చెరువునుంచి వచ్చిన ఒక కొరమీను, మూరెడు పొడవుది, పరకల్లో చాలావాటిని తినేసింది. మా కళ్ళముందే ఇంకొకదాన్ని నడుం దగ్గర పట్టి విదిలించింది.

నేను మూల ఉన్న గడ్డపార తీసుకున్నాను. "దీన్ని సంపుతా."

"దాన్ని సంపితే పరకలు లేసి వస్తాయా?" అన్నాడు తమ్ముడు, తల తిప్పకుండానే. "ఆ మనిషిని కొట్టినావు. నా ఎముక అతుక్కునిందా? నాకోసం కొట్టినానని మాత్రం అనుకోవద్దు. కట్టె లాక్కున్యావు, ఆడికి సాలుండె. మిగతాదంతా నీకోసం."

గడ్డపార కింద పెట్టడానికి నాకు చాలాసేపు పట్టింది. అది పెట్టాక ఇద్దరం కలిసి, వాడి మంచి చెయ్యి ఒకటీ నా రెండు చేతులూ వేసి, తొట్టి మధ్యన ఒక బండ అడ్డంగా దించాము. కొరమీను ఒక పక్క, మిగిలినవి ఒక పక్క.

కేసు పెద్దమనుషులు రాజీ చేశారు. చెయ్యి విరిగిన మనిషికి మూడెకరాల చెనిక్కాయ, అంటే వేరుశనగ, చేను ఉంది, కొడుకులు లేరు. ఆ కారు పంట సేద్యమంతా నేను చేసిపెట్టాలని తీర్పు. షెడ్డు మూసి పోయాను. దున్నాను, విత్తాను, కలుపు తీశాను. ఆయన చేతికి వెదురుబద్దలు కట్టుకుని గట్టు మీద కూర్చునేవాడు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా తిట్టేవాడు. నన్ను, మా అమ్మను, మా వంశాన్ని. ఒకరోజు లేచొచ్చి ఎడమచేత్తో మట్టిబెడ్డ విసిరాడు. అది నుదుటి మీద, అప్పుడే మానుతున్న గాయం మీద తగిలింది. నా వేళ్ళు వాటంతట అవే ముడుచుకున్నాయి. ఆ చేతులతోనే కొడవలి పట్టుకుని ముందున్న సాలు మొదలుపెట్టాను. సాలు చివరికి పోయి వెనక్కి తిరిగి చూస్తే, ఆయన అక్కడే నిలబడి, విరిగిన చెయ్యి పట్టుకుని ఏడుస్తున్నాడు.

కాయ పీకిన రోజు ఆయన మొదటిసారి తిట్టకుండా మాట్లాడాడు. "మీ చేపలు బతికినాయా?"

"కొన్ని బతికినాయి."

"సర్లే" అన్నాడు. ఒక మూట కాయలు నా నెత్తికి ఎత్తి పంపాడు.

నేను మారిపోయానని రాస్తే అబద్ధం. కోపం ఇప్పటికీ వస్తుంది. పెళ్ళైన కొత్తలో నా భార్య మీద ఒకసారి చెయ్యెత్తాను. ఆమె తల వంచుకుని కళ్ళు మూసుకుంది, సరిగ్గా మా అమ్మ మూసుకున్నట్టు. ఎత్తిన చెయ్యిని గోడకేసి గుద్దుకుని బయటికి పోయాను. రెండు వేళ్ళు విరిగాయి, ఇప్పటికీ సరిగా ముడుచుకోవు. ఆ తరువాత కోపం వస్తే షెడ్డుకు పోయి ఏదో ఒక ఇనుము కాల్చి, అది చల్లారేదాకా కొట్టేవాణ్ణి.

తమ్ముడికి రాయదుర్గం వైపు ఒక పల్లెలో ఉద్యోగం వచ్చింది. పోయేటప్పుడు చేపల సంగతులన్నీ నాకు అప్పజెప్పాడు. నీళ్ళు ఎన్నాళ్ళకు మార్చాలో, నాచు ఎంత తియ్యాలో కాగితం రాసి ఇచ్చాడు. లారీ ట్యూబు ముక్కతో పాత నీళ్ళు లాగి అమ్మ వేసిన మిరపమడికి వదిలేవాణ్ణి. వాడు అక్కడే పెళ్ళి చేసుకున్నాడు. మేము పోయి పెళ్ళి చూసి వచ్చాము గానీ, వాడు పిలవక వాళ్ళింట్లో కూర్చోలేదు. పండగలకు వాడు వచ్చేవాడు కాదు. ఉత్తరాలు అమ్మ పేరున వచ్చేవి, వాటిలో చేపల క్షేమం అడిగేవాడు.

తొట్టి అట్లా ఐదేళ్ళు నడిచింది. తరువాతి కరువులో బావి అడుగు కనిపించింది. ట్యాంకరు లేదు, ఏదీ లేదు. వీధిలో నీళ్ళ దగ్గర మళ్ళీ తలలు పగలడం మొదలైంది. ఆడవాళ్ళు జుట్లు పట్టుకుని బిందెలతో కొట్టుకున్నారు. ఎదురింటాయన నా ఇంటి ముందుకు వచ్చి నిలబడ్డాడు. ఆయన చేతిలో ఖాళీ కడవ ఉంది. అవి చేపలు తిరిగిన నీళ్ళు, తాగడానికి పనికిరావు. అయినా పశువులకు, గిన్నెలకు పనికొస్తాయి.

"ఎల్లుండి పొద్దునకి తొట్టి ఖాళీ చేస్తా. వీధిలో అందరికీ చెప్పన్నా" అన్నాను.

తమ్ముడికి ఉత్తరం రాసే వ్యవధి లేదు. తుంగభద్ర కాలువ వాళ్ళ వైపు పారుతోందని విన్నాను. అందుబాటులో ఉన్న డ్రమ్ములన్నిటిలో చేపలను పట్టాను. కొరమీనుకు వేరే డ్రమ్ము. అది ఇప్పుడు నా చెయ్యంత ఉంది. పట్టబోతే తోకతో మొహం మీద కొట్టింది. పెదవి చిట్లింది, నవ్వొచ్చింది. తొట్టి నీళ్ళు వీధికి వదిలి, లారీలో రాయదుర్గం దారి పట్టాను. దారిలో రెండు ఊళ్ళలో జనం డ్రమ్ముల్లో నీళ్ళున్నాయని లారీ ఆపారు. ఒకచోట రాయి విసిరారు, ముందరి అద్దం పగిలింది. దిగి మూత తీసి చూపించాను. చేపలను చూసి వదిలేశారు.

బడి దగ్గర తమ్ముడు బయటికి వచ్చి, పగిలిన అద్దం, నా పెదవి చూసి మొహం మాడ్చుకున్నాడు.

"మళ్ళా ఎవర్ని కొట్టినావు?"

"ఎవర్నీ కొట్టలేదు. పెదిమె కొరమీను కొట్టింది. అద్దం ఊరోళ్ళు కొట్టినారు."

వాడు డ్రమ్ము మూత తీసి లోపలికి చూశాడు. తరువాత పిల్లలకు సెలవిచ్చి లారీ ఎక్కాడు. కాలువ గట్టు మీద ఇద్దరం డ్రమ్ములు ఒక్కొక్కటే వంచాము. కాలువ నీళ్ళు ఎర్రగా, వేగంగా పోతున్నాయి. పరకలు పడీపడగానే కనపడకుండా పోయాయి. కొరమీను మాత్రం గట్టు పక్కన నిదానంగా కాసేపు నిలబడి, ఆ తరువాత లోతుకు దిగింది. దాని ముందర చేపలు చెదిరిపోవడం నీటి మీద తెలిసింది.

ఖాళీ డ్రమ్ములు లారీలోకి ఎత్తాక నేను స్టీరింగు ముందు కూర్చున్నాను. ఇంటికి బయలుదేరతానని చెప్పాను.

"ఇప్పుడు యాడికి పోతావు. ఇంట్లో నీ మరదలు జొన్నరొట్టెలు కాలుస్తాండాది" అన్నాడు తమ్ముడు. "తిని, రెండు దినాలుండి పో. అద్దం రాయదుర్గంలో ఏపిచ్చుకుందాం."

వాళ్ళ ఇల్లు చిన్నది, ఒకటే గది. మరదలు పీట వేసి రొట్టె, వంకాయ కూర పెట్టింది. చిట్లిన పెదవికి కారం మండుతుంటే నేను ఆగి ఆగి తింటున్నాను. ఆమె చూసి, గిన్నెలో పెరుగు తెచ్చి రొట్టె పక్కన వేసింది.